ముద్ర పడిన కిలో రాయి

ముప్ఫై రెండేళ్లు తూనికలు కొలతల శాఖలో
కిలో రాళ్ల అడుగున సీసం మీద ముద్ర కొట్టాను.
కుడి చెవి కొంచెం మందం, ఆ సుత్తి పుణ్యమే.
రిటైరయ్యాక కూడా
మెహదీపట్నంలో ఫ్లైఓవర్ పిల్లర్ కింద
సీతాఫలాల గంప ముందు ఆగితే
ముందు రాయిని తిప్పి చూస్తాను, తర్వాతే పండుని.
అంజిలమ్మ నవ్వుతుంది:
"రాయి మంచిదే సారూ, పండు ఒత్తి సూడు."

పొద్దున షాద్‌నగర్ అవతలి నుంచి తొలి బస్సు దిగినప్పుడు
కిలో నూట ఇరవై.
పదకొండుకు ఇంకో నలుగురు గంపలు దించారు, వంద.
మూడింటికి మబ్బు పట్టింది, డెబ్బై.
ఆరింటికి పండ్లన్నీ కళ్లు విప్పాయి,
రేపటిదాకా ఆగవని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.
యాభై.

ఏ జీవోలోనూ లేవు ఈ అంకెలు.
గుట్ట మీద పండు తెంపిన చెయ్యి,
బస్సు టాపు మీద గంపలెక్కించిన క్లీనరు,
ఆ మబ్బు, నా జేబు, ఆఫీసులు వదిలే వేళ
ఒకరి మొహం ఒకరు చూడకుండానే
ఒక్క అంకెలో మాట్లాడుకున్నారు.

ఒకసారి మమ్మల్నీ పిలిచారు
టమాట ధర ఖరారు చేసే మీటింగుకి.
రెండు విడతల చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.
సుద్దముక్కతో బోర్డు మీద రాసిన ధర
ఎంత ముద్దుగా ఉందో!
సాయంత్రానికి మార్కెట్లో
బోర్డు ఉంది, ధర ఉంది,
టమాట లేదు.

మొన్న మంగళవారం మున్సిపాలిటీ బండి వచ్చి
అంజిలమ్మ తక్కెడ, రాళ్లు ఎత్తుకెళ్లింది.
సర్కిల్ ఆఫీసుకి తోడు వెళ్లాను.
కార్డుంది, ఫోటో ఉంది, వేలిముద్ర ఉంది.
"నీ జోను రోడ్డుకి అవతలి పక్క కదమ్మా."
"అవతల బస్సాగది సారూ."
కౌంటర్‌లో కుర్రాడు నిజంగానే ఆలోచించాడు.
బస్సు సంగతి రాసుకునే గడి ఆ ఫారంలో లేదు.
తర్వాత గొంతు తగ్గించి అడిగాడు
రశీదు కావాలా, వద్దా అని.
అక్కడా ఒక ధర ఉంది.
మబ్బు పట్టినా తగ్గదు.

సర్కారే వద్దనే మనిషిని కాను.
బేగంబజార్‌లో గుల్ల రాయి పట్టుకున్న రోజు
నూనె కొనుక్కునే ముసలాయన నా చెయ్యి వదల్లేదు.
ముక్కూ మొహం తెలియని ఇద్దరు
భయం లేకుండా బేరమాడుకోవాలంటే
రాయి నిజం చెప్పాలి. అంతవరకే నా పని.
ఎవరు అమ్మాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎంతకి
నా సుత్తికేం తెలుసు?

(నిరుడు మా ఇంటావిడ ఫుట్‌పాత్ మీద
ఇలాంటి గంపే తట్టుకుని మోకాలు చీరుకుపోయింది.
ఆమె ముందు ఈ మాటలు అనను.)

తక్కెడ తిరిగొచ్చింది, ఒక పళ్లెం సొట్టబోయి.
కిలో రాయి రాలేదు.
మర్నాడు షోకేసు తెరిచి
రిటైర్మెంటు నాడు శాలువాతో పాటిచ్చిన ఇత్తడి కిలో
రుమాల్లో చుట్టి తీసుకెళ్లాను.

అంజిలమ్మ ముందు దాన్ని తిప్పి చూసింది.
అచ్చం నాలాగే.
"ముద్ర పాతది సారూ, గడువైపోయింది.
పోయి కొత్తది ఏయించుకొస్త."
తర్వాత కొంగు ముడి విప్పుతూ అడిగింది:
"ఎంతకిస్తవ్?"

ఊరికే తీసుకో అన్నాను.
ఆమె ముడి విప్పుతూనే ఉంది.
ఊరికే వచ్చింది ఊరికే పోతదంది.

ముప్ఫై రెండేళ్లు అందరి తూకాలూ సరిచూసినవాణ్ణి,
బస్సుల హారన్ల మధ్య నిలబడి
ఒక్క అంకె కోసం
నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను.